మొండివేలి జమీందారు

మా వీధి మొదట్లో ఫోటో షాపు నడిపే అన్నదమ్ములిద్దరు మొన్న నన్ను దారిలో ఆపి ఫోన్ చూపించారు. అందులో ఒక సినిమా ముక్క ఆడుతోంది. వందేళ్ళ నాటి మేడ, హాల్లో గోడకి జమీందారు గారి పెద్ద ఫోటో. కోటు, జరీ కండువా, చెక్కుడు పని కుర్చీ. కెమెరా మెల్లగా దగ్గరికి జరిగి ఆయన ఎడమ చేతి మీద ఆగుతుంది. చూపుడు వేలు సగమే ఉంటుంది. అక్కడ వయొలిన్లు గీపెడతాయి. కింద జనం రాసిన కామెంట్లలో ఒకాయన ఆ ఫోటో చూశాక మూడు రోజులు నిద్ర పట్టలేదన్నాడు. ఇంకొకాయన, చనిపోయిన మనిషి ఫోటోకి దండ లేదు కాబట్టి జమీందారు అసలు చనిపోనే లేదని, అది డైరెక్టరు వదిలిన క్లూ అని పేజీడు రాశాడు.

“ఇది మీరు చేసిందేనంట కదా బాబాయి గారూ! నిజంగా క్లూనేనాండీ?” అన్నాడు పెద్దవాడు.

ఫోటో చేసింది నేనే. దండ ఎందుకు లేదో కూడా నాకు తెలుసు. మూడు రోజులే కదా నిద్ర పట్టనిది, అదృష్టవంతుడు అనుకున్నాను ఆ మొదటాయన గురించి. రోడ్డు మీద నిలబడి చెప్పే సంగతి కాదు కనక నవ్వి ఊరుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలో ఉన్న కుర్రవాళ్ళు చదివితే మంచిదే. చదివి నన్ను నాలుగు తిట్టుకున్నా మంచిదే.

బెజవాడ గవర్నర్‌పేటలో ఒక పాత స్టూడియోలో పదిహేడో ఏట చేరాను. అరవై ఆరో ఏట ఆ స్టూడియో మూసేసిన రోజు బయటికొచ్చాను. మధ్యలో ఇంకెక్కడా పనిచెయ్యలేదు. చేసింది రీటచింగ్. రీటచింగ్ అంటే ఇప్పుడు ఫోన్ మీద వేలితో రాస్తే ముఖం తెల్లబడిపోయే పని. మాకు అది గాజు పలక, సన్న కత్తి, చెక్కిన పెన్సిలు, మెడనొప్పి. ఊళ్ళో సగం మంది మొటిమలు, అమ్మవారి మచ్చలు నా చేతిలోనే మాయమయ్యాయి. పెళ్ళిచూపులకి పంపిన ఫోటోల్లో నేను చేసిన పాపాలు వేరే ఉన్నాయి, అవి ఇప్పుడొద్దు.

ఆ రోజుల్లో మా పల్లెల్లో మనిషి పోయాకే ఫోటో అవసరం గుర్తొచ్చేది. పెద్దకర్మ నాటికి గోడకి పటం కావాలి. ఇంటివాళ్ళు ఏదో గుంపు ఫోటో పట్టుకొచ్చేవారు. అందులో పోయిన మనిషి మూడో వరసలో, ఎవరి భుజం వెనకో, చొక్కా లేకుండా నిలబడి ఉండేవాడు. “కాస్త కోటు వేసి కుర్చీలో కూర్చోబెట్టండి బాబూ” అనేవారు. మేం ఆ తలని పెద్దది చేసి, కత్తిరించి, ఇంకొకరి ఒంటి మీద అతికించి, అతుకు కనబడకుండా కుంచెతో కలిపి, మళ్ళీ కెమెరాతో కాపీ తీసేవాళ్ళం. అందుకోసం మా దగ్గర ఒళ్ళు నిలవ ఉండేవి. చీకటి గదిలో ఒక టేకు పెట్టె, దాని పేరే ఒళ్ళ పెట్టె. కోటు ఒళ్ళు, లాల్చీ ఒళ్ళు, పట్టుచీర ఒళ్ళు, అన్నీ గాజు నెగటివులే.

ఆ ఒళ్ళు ఎక్కడివంటారా? ఫోటో దిగి, మళ్ళీ తీసుకెళ్ళడానికి రానివాళ్ళవి. మా యజమాని గారిది ఇందులో ఒక కచ్చితమైన పద్ధతి. మూడేళ్ళు ఆగాలి. ఆ తర్వాత రిజిస్టర్లో ఉన్న అడ్రసుకి కార్డు ముక్క రాయాలి. ఇంకో నెల చూడాలి. అప్పటికీ ఎవరూ రాకపోతే ఆ నెగటివ్ మీద ముఖం వరకు కత్తితో గీకేసి, పలకని పెట్టెలో వేయాలి. బతికున్నవాడి ముఖం ఉన్న ఒంటికి పోయినవాడి తల తగిలించకూడదని ఆయన పట్టింపు. ముఖం గీకేస్తే ఆ ఒళ్ళు ఇక ఎవరిదీ కాదని ఆయన ఉద్దేశం. కార్డు రాసే పని, గీకే పని రెండూ నావే.

యజమాని గారు పోయారు, వాళ్ళబ్బాయి వచ్చాడు, కంప్యూటరు వచ్చింది. ఒళ్ళ పెట్టె మెట్ల కిందికి వెళ్ళిపోయింది. దాన్ని నాతో తెరిపించిన ఆఖరి మనిషి ఈ దెయ్యం సినిమా డైరెక్టరే.

పదేళ్ళ పైమాట ఇది. డైరెక్టరు ఉయ్యూరు వైపు కుర్రాడు, ముప్పై లోపే ఉంటాడు. మొదటి సినిమా. వందేళ్ళ నాటి కథ. తన మేడ వదిలి వెళ్ళలేని జమీందారు దెయ్యం. ఉయ్యూరు అవతల కాలవ గట్టున ఒక పాత మేడ దొరికింది, అన్నాళ్ళూ అందులో ధాన్యం బస్తాలు పెట్టుకునేవారట. హాల్లో పెట్టే జమీందారు పటం కోసం అతను హైదరాబాదులో మూడు చోట్ల చేయించి చూశాడు.

“కంప్యూటర్లో చేస్తే కంప్యూటర్లో చేసినట్టే ఉందండీ. పాత పటాల్లో ఒక తేడా ఉంటుంది చూడండి, తల ఒకటి చూస్తుంటే ఒళ్ళు ఇంకోటి ఆలోచిస్తున్నట్టు. నాకది కావాలి సార్” అన్నాడు.

ఆ తేడా ఎందుకుంటుందో చెప్పి పెట్టె తెరిచి చూపించాను. అతనికి ఆనందం పట్టలేదు. నాకూ అంతే. ఇరవై ఏళ్ళుగా నన్నెవరూ పని అడగలేదు, పాస్‌పోర్టు ఫోటోలు తప్ప. మంచి కోటు ఒళ్ళు ఒకటి తీసి దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. ఎడమ చెయ్యి మోకాలి మీద, కుడి చెయ్యి కుర్చీ మీద. ఎడమ చూపుడు వేలు రెండో కణుపు దగ్గర ఆగిపోయింది. ముఖం ఉండాల్సిన చోట ఉట్టి గాజు. వేలు నేను గీసి పూర్తి చేస్తానని చెప్పాను. అది మాకు ఐదు నిమిషాల పని.

“వద్దు సార్, ఆ వేలు ముట్టుకోకండి! అదే మన సినిమా” అని అతను దాదాపు అరిచాడు. ఆ వారమే కథలో జమీందారుకి మొండివేలు వచ్చింది.

ఇక హీరో గురించి చెప్పాలి. ఆయన కూచిపూడి దగ్గరి ఊరివాడు. పద్యనాటకాల్లో పెరిగి, సినిమాల్లోకి వెళ్ళి, పాతికేళ్ళు కానిస్టేబులుగా, పెళ్ళికూతురి తండ్రిగా, హీరో దగ్గర చెంపదెబ్బ తినే మేనేజరుగా వేశాడు. మీరందరూ చూసే ఉంటారు, పేరు మాత్రం చెప్పను. అప్పటికి ఆయన పేరు అడిగినవాళ్ళు కూడా తక్కువే. యాభై దాటాక ఇది ఆయనకి మొదటి ప్రధాన పాత్ర.

పటానికి తల కావాలి కనక మా స్టూడియోకి వచ్చాడు. పాత పలక మీద వెలుతురు ఎడమ కిటికీ నుంచి పడింది. అదే కిటికీ, అదే చోటు, అదే వేళ. గంట సేపు కదలకుండా కూర్చున్నాడు. మధ్యలో ఒక్క మాటే అన్నాడు.

“పోస్టరు మీద నా ఒక్కడి ముఖమే వేస్తారంటండీ. మా ఆవిడకి ఇంకా నమ్మకం కుదర్లేదు.”

పటం చూశాక ఆయన ఇంకో పని చేశాడు. తన ఎడమ చూపుడు వేలు సగానికి మడిచి, చర్మం రంగు టేపుతో కట్టేసుకున్నాడు. డైరెక్టరు గ్రాఫిక్స్‌లో చూసుకుందామన్నా వినలేదు. పది రోజులు ఇంట్లో కూడా అలాగే బొత్తాలు పెట్టుకుంటూ, కాఫీ తాగుతూ తిరిగాడట. తల నాది, చెయ్యి ఆయనది అనేవాడు. ఆ ‘ఆయన’ ఎవరో నేనూ వెతకలేదు, హీరో కూడా అడగలేదు.

షూటింగులో పటం సీను తీసే రోజు నేను వెళ్ళకపోయినా పోయేది. నా పటాన్ని తెర మీదికి ఎలా ఎక్కిస్తారో చూద్దామన్న సరదా కొద్దీ పొద్దున్నే బస్సెక్కాను. పదిగంటల వేళ, బయట ఎండ కాస్తోంది. మేడ కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టి లోపల రాత్రి చేశారు. జమీందారు పోయాక ఊరి ఆడవాళ్ళంతా పటం ముందు కూర్చుని ఏడ్చే సీను. చుట్టుపక్కల నుంచి పదిహేను మంది పెద్దావిడల్ని తీసుకొచ్చారు. పటానికి ఇంత లావు బంతిపూల దండ వేశారు.

“అమ్మా, మీ ఇంటాయనే పోయాడనుకుని ఏడవండమ్మా!” అని మైకులో చెప్పాడు డైరెక్టరు.

“ఆయన పోతే ఏడవడం దేనికి బాబూ, కాస్త పడుకుంటాం” అని ఒకావిడ అంది. గదంతా నవ్వు. మూడు టేకులు ఆ నవ్వుకే పోయాయి.

నవ్వని ఆవిడ ఒకరున్నారు. రెండో వరసలో సన్నగా, తెల్లగా, కళ్ళద్దాలతో. ఆ ఊరి స్కూల్లో ముప్పై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ గారు. పక్కింటివాళ్ళు లాక్కొస్తే వచ్చిందట. లైట్లు వెలిగిన దగ్గర్నుంచి ఆవిడ పటం వంకే చూస్తోంది. నాలుగో టేకు మొదలవగానే లేచి, కెమెరాకి అడ్డంగా నడుచుకుంటూ వెళ్ళి, పటం కింద నిలబడి, అద్దాలు సర్దుకుంది. ఆ వేలి మీద వేలు పెట్టింది.

“ఈ చెయ్యి ఎక్కడిది?” అంది.

ఎవరిదని అడగలేదు, ఎక్కడిదని అడిగింది. డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు. “అది గ్రాఫిక్స్ అండీ మేడమ్ గారూ, ఉట్టి బొమ్మ.”

“చెరుకు గానుగలో నలిగిన వేలు ఇది. మొండి మీద చిన్న గోరు మొలిచేది, అదిగో చూడండి. వంకరగా పెరిగి గుచ్చుకునేది. మా ఆయనకి నాలుగేళ్ళు ఆ గోరు తీసింది నేనే.”

ఇంతలో మేకప్ గది తలుపు తీసుకుని మా హీరో వచ్చాడు. అదే కోటు, అదే కండువా. టేపు కట్టిన ఎడమ చెయ్యి ముందుకు పెట్టుకుని వస్తున్నాడు. ఆవిడ ఆ చెయ్యి చూసింది, ముఖం చూసింది, మళ్ళీ పటం చూసింది. అరవలేదు, పడిపోలేదు. మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. దెయ్యం సినిమా సెట్లో ఆ రోజు నిజంగా హడలిపోయింది నేనొక్కణ్ణే.

డైరెక్టరు నన్ను పక్కకి లాగాడు. “సార్, ఏదోటి చెప్పి పంపించండి. పోలిక అనండి. ఇప్పుడు గొడవైతే ఈ మేడ మళ్ళీ మనకి దొరకదు.” అతన్ని తప్పు పట్టను. కుర్రతనంలో నేనింతకన్నా చేతకానివాణ్ణి, అది ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది. నేను వెళ్ళి ఆవిడ ముందు నిలబడి, అలాంటి వేళ్ళు చాలామందికి ఉంటాయని, డెల్టాలో గానుగలకేం తక్కువని, నవ్వుతూ చెప్పాను. ఆవిడ నా వంక ఎగాదిగా చూసింది. హోంవర్కు చెయ్యకుండా కబుర్లు చెప్పేవాళ్ళని జీవితమంతా చూసిన మనిషి. గ్లాసు నా చేతికిచ్చి ఇంటికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర హీరో నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. విస్తరి ముట్టుకోలేదు.

“ఆ ఒళ్ళు ఎవరిదండీ?”

“పెట్టెలోదండీ. పాతది. ఎవరిదో.”

“నా తల ఎవరి మీద ఉందో నేను తెలుసుకోవద్దాండీ? పాతికేళ్ళకి ఒక వేషం దొరికింది. అది ఒకావిడ మొగుడి ఒంటి మీద ఎక్కి తిరగడం అయితే, ఎక్కే ముందు అడగాలి కదా.” కోపంగా అన్నాడనుకోకండి. బతిమాలుతున్నట్టు అన్నాడు. నాకు అదే తట్టుకోలేనట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళి మెట్ల కింద దుమ్ములోంచి పాత రిజిస్టర్లు తీశాను. పలక మూల నంబరు చెక్కి ఉంటుంది. నంబరు దొరికింది. దాని ఎదురుగా ఒక పేరు, ఉయ్యూరు పక్క ఆ ఊరి పేరు. చివరి గళ్ళో నా చేతిరాతతో ‘కార్డు రాయబడినది’ అని ఉంది. ఆ పేజీలో వరసగా ఏడు పేర్లకి అలాగే ఉంది, ఒకే సిరాతో, ఒకే ఊపులో.

చూడగానే గుర్తొచ్చింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. యజమాని గారు కార్డుల కట్ట నా ముందు పెట్టి, రాసి డబ్బాలో వేసి రమ్మని, తను గుంటూరు వెళ్ళారు. మాట్నీకి టైమవుతోంది. ఆ రోజు కొత్త సినిమా. ఏడు కార్డులు కూర్చుని రాస్తే మొదటి పాట పోతుంది. మూడేళ్ళు రానివాడు కార్డు చూసి వస్తాడా అనుకున్నాను. రాసినట్టు ఏడు గళ్ళూ నింపేసి, తెల్ల కార్డులు సొరుగులో తోసేసి, పరుగెత్తాను. నెల తర్వాత ఏడు ముఖాలూ గీకేశాను.

ఆ సాయంత్రం హీరో, నేను కలిసి టీచరమ్మ గారి ఇంటికి వెళ్ళాం. తమ్ముడి కుటుంబంతో కలిసి ఉంటుంది. హాల్లో పిల్లలు టీవీ చూస్తున్నారు. వాళ్ళని లోపలికి పంపి, మమ్మల్ని కూర్చోమని, తనే మొదలుపెట్టింది.

“పెళ్ళయ్యాక నాలుగేళ్ళు ఉన్నారు ఆయన. మా పెళ్ళికి ఫోటోలు లేవు, అప్పట్లో మా ఇళ్ళల్లో ఆ అలవాటు లేదు. ఒకసారి బెజవాడ వెళ్ళి వచ్చి, కోటేసుకుని ఫోటో దిగానోయ్, వచ్చే వారం తెస్తా అన్నారు. ఎక్కడ దిగారో చెప్పలేదు. ఆ వారమే జ్వరం వచ్చింది, మళ్ళీ లేవలేదు. రసీదు ఏ జేబులో ఉందో, ఆ బట్టలతోనే పోయింది. మా నాన్న బెజవాడలో నాలుగు స్టూడియోలు తిరిగాడు. రసీదు లేకుండా వెతకం అన్నారంట. తర్వాత నన్ను ట్రైనింగుకి పంపించారు, ఉద్యోగం వచ్చింది. నలభై మూడేళ్ళయింది. ఇప్పుడు చెప్పండి, ముఖం ఏది?”

ఈ ప్రశ్న కోసమే ఆవిడ నన్ను ఇంట్లోకి రానిచ్చిందని అర్థమైంది. పద్ధతంతా చెప్పాను. మూడేళ్ళు, కార్డు, నెల, కత్తి.

“అయితే గీకింది మీరేనా?”

“నేనేనండీ.”

“కార్డు రాశారా?”

రిజిస్టరు నా సంచిలోనే ఉంది. అందులో రాసినట్టే ఉంది. తీసి చూపిస్తే చాలు, తప్పు పోస్టు వాళ్ళది అయిపోతుంది. పక్కన హీరో నేల చూస్తున్నాడు. ఆ ఒక్క క్షణం నేను ఎంత నీచంగా ఆలోచించానో ఇన్నేళ్ళకి కూడా చెప్పడానికి సిగ్గుగా ఉంది.

“రాయలేదండీ. రాసినట్టు రిజిస్టర్లో రాసి సినిమాకి వెళ్ళాను.”

ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. లోపల పిల్లల మాటలు వినిపిస్తున్నాయి.

“రాసి ఉంటే మా నాన్న మొదటి బస్సుకే వచ్చేవాడు” అంది. “ఏం సినిమా?”

“గుర్తు లేదండీ.”

నిజంగానే గుర్తు లేదు. ఆ జవాబు చెబుతున్నప్పుడు పడినంత అవమానం నేను ఎప్పుడూ పడలేదు. ఆవిడ ముఖానికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడ్చింది. సెట్లో పదిహేను మందిని ఏడవమని బతిమాలిన ఏడుపు ఇక్కడ, ఎవరూ అడక్కుండా వచ్చింది. కాసేపటికి ముఖం తుడుచుకుని మామూలు గొంతుతో అంది.

“నాకంటే మీకే ఎక్కువ తెలియాలి కదా. గీకేటప్పుడు చూశారుగా. ఎలా ఉన్నారు?”

ఆ ముఖాన్ని లోకంలో ఆఖరుసారి చూసిన మనిషిని నేనే. అర్ధగంట దాని మీదే వంగి కూర్చుని ఉంటాను. నెగటివ్‌లో ముఖం నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది. నేను చూసింది ముఖం కాదు, గీకాల్సిన జాగా.

మేం లేవబోతుంటే ఆవిడ హీరోని ఆపింది. “మీరు ఆ వేలు తప్పు పట్టుకుంటున్నారండీ.”

“అమ్మా?”

“దాన్ని దాచుకుంటున్నట్టు వెనక్కి పెడుతున్నారు. ఆయన దాచేవారు కాదు. ఏదైనా ఆలోచిస్తుంటే ఆ మొండితోనే కుర్చీ చెయ్యి మీద కొట్టేవారు. రెండుసార్లు కొట్టి ఆగి, మళ్ళీ ఒకసారి. తమలపాకుకి సున్నం కూడా దాంతోనే రాసేవారు.” తన ఎడమ చేత్తో చేసి చూపించింది. హీరో కింద చాప మీద కూర్చుని, అక్కడికక్కడే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ రెండుసార్లు దిద్దింది. మూడోసారి ఊరుకుంది.

“ఆయన్ని వాడుకోవచ్చాండీ?” అని అప్పుడు అడిగాడు.

“వాడుకోండి. ఆ దండ మాత్రం తీసేయించండి. ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఆయనకి దండ వేద్దామంటే పటం లేదు. మొదటి దండ అక్కడ, మీ ముఖం కింద పడకూడదు.”

హీరో వెళ్ళి డైరెక్టరుకి ఏం చెప్పాడో తెలియదు. దండ లేకుండా ఆ సీను మళ్ళీ తీశారు. దండ లేకపోతే సస్పెన్స్ పెరిగిందని తర్వాత ఇంటర్వ్యూల్లో డైరెక్టరు చెప్పుకున్నాడు, చెప్పుకోనీయండి.

నాకు మాత్రం ఆవిడ వేరే పని పెట్టింది. “మళ్ళీ గీయగలరా? నేను చెబుతాను.” నేను ఎగిరి గంతేశాను. చేసిన తప్పు దిద్దుకునే దారి దొరికిందనుకున్నాను. ఆదివారం ఆదివారం ఉయ్యూరు బస్సెక్కి, పెన్సిళ్ళు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. నుదురు కాస్త వెడల్పు. కనుబొమలు కలవవు. ముక్కు ఇంత కాదు, ఇంకొంచెం. ఆవిడ చెబుతుంటే నేను గీయడం, చెరపడం. మొదటి ఆదివారం దగ్గరికి వచ్చామనిపించింది. మూడో ఆదివారానికి ఆవిడ మాటలే మారసాగాయి. ముందు కాదన్న ముక్కే సరైనదేమో అనేది. ఐదో ఆదివారం నా చేతిలోంచి పెన్సిలు తీసి పక్కన పెట్టేసింది.

“ఇక వద్దండీ. మీరు గీస్తున్నకొద్దీ నాకు మిగిలింది కూడా పోతోంది. కళ్ళు మూసుకుంటే మీ సినిమా ఆయనే వస్తున్నాడు, కోటేసుకుని. నిన్నంతా ప్రయత్నించాను. రావట్లేదు.”

తప్పు దిద్దుదామని వెళ్ళి రెండోసారి అదే ముఖం గీకేసి వచ్చాను. ఈసారి కత్తి కూడా అక్కర్లేకపోయింది. ఈ వాక్యం రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో కూడా.

చివరికి ఆవిడే దారి చెప్పింది. మెడ కింద నుంచి ప్రింటు తీసి ఇమ్మంది. తల లేని పటం ఇంట్లో ఎలా పెట్టుకుంటామని తమ్ముడి కోడలు భయపడింది. పోనీ చేతులు చాలంది. మోకాలి మీద ఎడమ చెయ్యి, కుర్చీ మీద కుడి చెయ్యి, అంతవరకే పెద్దది చేసి, చుక్క కూడా రీటచ్ చెయ్యకుండా ఇచ్చాను. నా జీవితంలో నేను ముట్టుకోని ఫోటో అదొక్కటే. దానికీ ఆవిడ దండ వేయలేదు. తన మంచం ఎదురుగా, కూర్చుంటే కళ్ళకి సరిపడే ఎత్తులో మేకు కొట్టించుకుంది.

ఆ నెలలోనే రిజిస్టర్లో మిగిలిన ఆరుగురికీ కార్డులు రాశాను. పోస్టాఫీసులో అమ్మాయి నా ముఖం, కార్డులు మార్చి మార్చి చూసింది, ఇప్పుడెవరు రాస్తున్నారండీ అంది. ఐదు తిరిగొచ్చాయి. ఆరోది తిరిగి రాలేదు, దానికి జవాబూ రాలేదు. ఆ ఆరో మనిషి పలక ఇప్పటికీ మా ఇంట్లో, బట్టలో చుట్టి ఉంది. మీ షాపుల్లో రోజుకి వంద ముఖాలు మారుస్తారు, చెరుపుతారు. చెయ్యొద్దని చెప్పే అర్హత నాకు లేదు. చెరిపే ముందు మాత్రం ఒకసారి ఆ ముఖాన్ని ముఖంగా చూడండి. నేను చూడలేదు.

సినిమా వచ్చింది. బెజవాడలో వారం ఆడింది. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు ఫోన్లలో భయపడుతున్నారు. ఉయ్యూరులో మాట్నీకి టీచరమ్మ గారిని నేనే తీసుకెళ్ళాను. హీరో కూడా వచ్చాడు. బయట పోస్టరు మీద నిజంగానే ఆయన ఒక్కడి ముఖమే ఉంది. దాని పక్కన నిలబడ్డా ఎవరూ గుర్తుపట్టలేదు. హాల్లో ఇరవై మంది ఉంటారేమో. ఆవిడని మధ్యలో కూర్చోబెట్టి అటొకరం ఇటొకరం కూర్చున్నాం.

జమీందారు తెర మీదికి వచ్చాడు. మేడ హాల్లో కుర్చీలో ఒంటరిగా కూర్చుని, మొండివేలితో కుర్చీ చెయ్యి మీద కొట్టాడు. రెండుసార్లు కొట్టి ఆగాడు. మళ్ళీ ఒకసారి. ముందు వరసలో ఎవరో కెవ్వుమన్నారు.

టీచరమ్మ గారు కుడి చెయ్యి ఎత్తి కళ్ళ ముందు పెట్టుకుంది. భయపడిందనుకుని వంగి చూశాను. కాదు. ఒక కన్ను మూసి, అరచేతిని ముందుకీ వెనక్కీ జరిపి సరిచూసుకుంటోంది. తెర మీద ముఖం ఉన్నంత మేరా అరచెయ్యి అడ్డం పెట్టి, కింద చేతుల్ని చూస్తోంది. జమీందారు లేచి నడిస్తే ఆవిడ చెయ్యి కూడా అటే జరిగింది. కిటికీ దగ్గర ఆగితే ఆగింది. రెండు గంటల సినిమాలో ఆ చెయ్యి దించలేదు, నొప్పెడితే ఎడమ చేత్తో మోచెయ్యి పట్టుకుంది.

నేను ఏదో అనబోయాను. హీరో ఆవిడ వెనకనుంచి నా భుజం మీద చెయ్యి వేసి వద్దన్నాడు. తన ముఖం ఒక్కసారి తెర నిండా కనిపించాలని పాతికేళ్ళు ఎదురుచూసిన మనిషి. ఆ ముఖాన్ని ఆవిడ అరచేత్తో కప్పేస్తుంటే, తెర వంక చూడ్డం మానేసి, సినిమా అయిపోయేవరకూ ఆ అరచెయ్యే చూస్తూ కూర్చున్నాడు.